మే చివర్లో ఖాతాలోంచి పోయే 436 రూపాయలు: ఆపేయాలా, ఉండనివ్వాలా?

నాకు జిరాక్స్, ఫ్లెక్సీల కొట్టు ఉంది. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. షట్టర్ ఎత్తిన రోజు డబ్బులు, ఎత్తని రోజు లేవు. పోయినేడాది జూన్‌లో పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటే 436 రూపాయలు ఒక కోత, 20 రూపాయలు ఇంకో కోత కనిపించాయి. ఇంకో బ్యాంకులో ఉన్న ఖాతా చూస్తే అక్కడా 436. మొదటిదానికి నేనే సంతకం పెట్టినట్టు గుర్తు. రెండోదానికి ఎవరు పెట్టారో దేవుడికే తెలియాలి. బ్రాంచికి వెళ్లి అడిగితే కౌంటర్‌లో ఆయన "అది గవర్నమెంట్ స్కీమ్ అండీ, ఆపడం కుదరదు" అన్నాడు.

కుదురుతుంది. ఇవన్నీ మనం ఒప్పుకుంటేనే నడిచే పథకాలు. వద్దని రాసిస్తే ఆపాల్సిందే. ఆ ముక్క తెలుసుకుని నా రెండో కోత ఆపించుకున్న దగ్గర్నుంచి చుట్టుపక్కల కొట్లవాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని వస్తున్నారు. టైలర్ అక్క, ఆటో నడిపే కుర్రాడు, ఇస్త్రీ బండి బాబాయ్, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆపేయమంటావా?" అందరికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను.

సొంతంగా పని చేసుకునేవాళ్ల ఖాతాల్లో ఎక్కువగా కనిపించేవి నాలుగు. జీవన్ జ్యోతి బీమా (ఆ 436 దీనిదే), సురక్షా బీమా (ఆ 20 దీనిది), అటల్ పెన్షన్ యోజన, శ్రమయోగి మాన్‌ధన్. మొదటి మూడూ 2015లో, నాలుగోది 2019లో వచ్చాయి. చివరి రెండూ పెన్షన్లే అయినా, జనం నోట్లో అన్నీ "ఆ గవర్నమెంట్ ఇన్సూరెన్సు" కిందే లెక్క.

## ఏం చూసి తేల్చుకోవాలి

ఎవరైనా మొదట చూసేది ఎంత కోత పడుతోందని. నేనూ అదే చూశాను. కానీ 436 అంటే రోజుకు రూపాయీ ఇరవై పైసలు. దాని కోసం ఇంత ఆలోచన అక్కర్లేదు. అసలు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు, రేపు మనసు మారితే మళ్లీ రానిస్తారా? వీటన్నిటికీ చేరే వయసుకు హద్దు ఉంది. హద్దులోపల ఉన్నవాళ్లు పోయి రావచ్చు. హద్దు దాటినవాళ్లకు పోవడమే తప్ప రావడం లేదు. ఇరవై ఆరేళ్ల ఆటో కుర్రాడు ఆపేయడం, యాభై రెండేళ్ల బాబాయ్ ఆపేయడం ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

రెండోది, బయటికొస్తే చేతికేమొస్తుంది. బీమా రెండిట్లో రూపాయి రాదు. పెన్షన్లలో మనం కట్టింది వస్తుంది గానీ, ఎంత వడ్డీతో అన్నది చూసుకోవాలి. మూడోది, ఇది పోతే ఇంట్లోవాళ్లకు ఇంకేం ఆసరా ఉంది. దీనికి జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది.

| పథకం | చేరే వయసు | కట్టేది | వచ్చేది | తప్పుకుంటే చేతికి |
|---|---|---|---|---|
| జీవన్ జ్యోతి | 18–50 (55 దాకా కొనసాగుతుంది) | ఏడాదికి 436 | ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు | ఏమీ రాదు |
| సురక్షా బీమా | 18–70 | ఏడాదికి 20 | ప్రమాదంలో చనిపోతే, పూర్తి వైకల్యం వస్తే 2 లక్షలు. ఒక కన్ను, లేదా ఒక చెయ్యి, లేదా ఒక కాలు పోతే 1 లక్ష | ఏమీ రాదు |
| అటల్ పెన్షన్ | 18–40 | నెలకు 42 నుంచి 1,454 | 60 నుంచి నెలకు 1,000–5,000 | కట్టిన సొమ్ము, దాని మీద వచ్చిన రాబడి, ఛార్జీలు పోను |
| శ్రమయోగి మాన్‌ధన్ | 18–40 | నెలకు 55 నుంచి 200 | 60 నుంచి నెలకు 3,000 | మన వాటా, వడ్డీ (పదేళ్ల లెక్క కింద చెప్పాను) |

## జీవన్ జ్యోతి: వయసును బట్టి జవాబు మారేది ఇక్కడే

ఇందులో ఇరవై ఏళ్లవాడికీ, నలభై తొమ్మిదేళ్లవాడికీ ప్రీమియం ఒకటే. 2015లో 330, 2022 జూన్ నుంచి 436. బయట బీమా కంపెనీలు వయసు పెరిగేకొద్దీ రేటు పెంచుతాయి. షుగరో, బీపీనో ఉందంటే ఇంకా పెంచుతాయి, లేదా వద్దు పొమ్మంటాయి. ఇక్కడ వయసు లెక్కా లేదు, మెడికల్ టెస్టూ లేదు. అంటే ఈ ధర వయసులో ఉన్నవాడికి మామూలు బేరం, నలభై ఐదు దాటినవాడికి మంచి బేరం, ఒంట్లో బాగోలేనివాడికి ఇంకెక్కడా దొరకని బేరం.

ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లకు వేరే బీమా ఉంటే దీన్నుంచి తప్పుకోవచ్చు. నిజానికి పెళ్లాం బిడ్డలున్న మనిషికి రెండు లక్షలు ఏమూలకు? అప్పులకే చాలవు. వయసులో ఉండగా యాభై లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా) తీసుకుంటే అది అసలైన ఆసరా. కానీ మన బోటి వాళ్లకు అక్కడో చిక్కుంది. పెద్ద టర్మ్ పాలసీకి కంపెనీలు ఆదాయానికి రుజువు అడుగుతాయి. ఐటీ రిటర్నులు వేయని కొట్లవాళ్లకు అక్కడే బండి ఆగిపోతుంది. అందుకని వరస ఇలా ఉండాలి: టర్మ్ పాలసీకి అప్లై చేయండి, పాలసీ బాండ్ చేతికి రానివ్వండి, ఆ తర్వాత కావాలంటే ఇది ఆపండి. "అప్లై చేశాం కదా" అని ముందే ఆపొద్దు. రెండూ ఉన్నా తప్పు లేదు. వేరే బీమా ఉందని ఇందులో డబ్బు ఎగ్గొట్టరు.

యాభై దాటినవాళ్లు మాత్రం దీన్ని కదిలించొద్దు. కొత్తగా చేరడానికి హద్దు యాభై. యాభై లోపు చేరినవాళ్లకే యాభై ఐదు దాకా నడుస్తుంది. యాభై రెండులో ఒకసారి తెగితే మళ్లీ అతకదనే అనుకోవాలి.

కొంతమంది తెలివిగా ఇంకో లెక్క వేస్తారు. ఏడాది మధ్యలో చేరితే ప్రీమియం తగ్గుతుంది. సెప్టెంబర్–నవంబర్‌లో 342, డిసెంబర్–ఫిబ్రవరిలో 228, మార్చి–మేలో 114. "మేలో ఆపేసి డిసెంబర్‌లో చేరితే 208 మిగులుతాయి కదా" అని ఆటో కుర్రాడు అడిగాడు. మిగులుతాయి. ఆ ఆరు నెలలూ బీమా ఉండదు. చేరాక కూడా మొదటి ముప్ఫై రోజులు ప్రమాదంలో పోతే తప్ప డబ్బు రాదు. రెండొందలకు రెండు లక్షల పందెం ఎందుకు బాబూ అన్నాను. నవ్వేసి వెళ్లాడు.

ఏ వయసువాళ్లయినా కళ్లు మూసుకుని ఆపేయాల్సిన సందర్భం ఒకటుంది. అది నాకు జరిగినదే. రెండు మూడు బ్యాంకుల్లో కోత పడుతుంటే ఒక్కటి ఉంచి మిగతావి ఆపించండి. ఎన్ని ఖాతాల్లో కట్టినా వచ్చేది రెండు లక్షలే, మిగతా ప్రీమియాలు నీళ్లపాలు. జన్‌ధన్ ఖాతా ఒకటి, డ్వాక్రా లోన్ కోసం తెరిచింది ఇంకొకటి, దుకాణం ఖాతా మరొకటి ఉన్న ఆడవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఏది ఉంచాలంటే, మే చివర్లో కచ్చితంగా డబ్బుండేది, నామినీ పేరు సరిగ్గా ఉన్నది.

మే చివర్లో అని ఊరికే అనలేదు. ఈ బీమా జూన్ 1 నుంచి మే 31 దాకా. మళ్లీ ఏడాదికి డబ్బు కోసేది మే ఆఖరి వారంలో. సరిగ్గా అప్పుడే బడి ఫీజులు, పుస్తకాలు, పొలం ఉన్నవాళ్లకు విత్తనాలు. ఖాతా ఖాళీ. 436 లేకపోతే కోత పడదు, బీమా ఆగిపోతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో కావాలని ఆపుకున్నవాళ్ల కంటే ఇలా తెలియకుండా జారిపోయినవాళ్లే ఎక్కువ. తప్పుకోవడం తేల్చుకున్నాక జరగాలి గానీ, ఖాతాలో డబ్బు లేక జరగకూడదు.

## సురక్షా బీమా: దీని మీద ఎక్కువ రాయను

ఏడాదికి 20 రూపాయలు. రెండు ఖాతాల్లో పోతుంటే ఒకటి ఆపండి, అంతకు మించి ఆపడానికి కారణం నాకు కనిపించలేదు. బండి మీద తిరిగేవాళ్లు, కరెంటు పని, సెంట్రింగ్ పని చేసేవాళ్లు అసలు ఆ ఊసే ఎత్తొద్దు. ఒకటి మాత్రం తెలిసి ఉండాలి. ఇది ఆస్పత్రి బిల్లు కట్టదు. కాలు విరిగి రెండు నెలలు కొట్టు మూసినా పైసా రాదు. అది వస్తుందనుకుని పెట్టుకుని, రాలేదని కోపంతో ఆపేసినవాళ్లు ఉన్నారు. పాము కరిచి చనిపోయినా, చెట్టు మీంచి పడి చనిపోయినా వర్తిస్తుంది, కాకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లిన కాగితం ఉండాలి. ఊళ్లో నాటువైద్యం చేయించి ఆ కాగితం లేకపోతే కష్టం.

## అటల్ పెన్షన్: తెంచే ముందు తగ్గించొచ్చా చూడండి

నెలనెలా కోత కాబట్టి జనం ఎక్కువగా విసుక్కునేది దీని మీదే. ముప్ఫై ఏళ్లప్పుడు చేరి ఐదు వేల పెన్షన్ ఎంచుకుంటే నెలకు 577. కరోనా లాంటి రోజుల్లో ఆ 577 కూడా బరువే.

ముప్ఫై ఏళ్లు కడితే 2 లక్షల 7 వేల చిల్లర. అరవై వచ్చాక నెలకు ఐదు వేలు. మనం పోయాక భార్యకో, భర్తకో అదే ఐదు వేలు. ఇద్దరూ పోయాక నామినీకి ఎనిమిదిన్నర లక్షలు. కట్టిన డబ్బు ఎనిమిదిన్నర లక్షలు కావాలంటే ఏడాదికి 8 శాతానికి కాస్త ఎక్కువ రాబడి రావాలి. అదే 577 పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతాలో 7.1 శాతం చొప్పున వేస్తూ పోతే ముప్ఫై ఏళ్లకు 6 లక్షల 91 వేల దగ్గర ఆగుతుంది. పైగా ఇక్కడ కనీస పెన్షన్‌కు ప్రభుత్వ హామీ ఉంది. మధ్యలో తప్పుకుంటే ఆ హామీ మనది కాదు, ఫండులో నిజంగా ఎంత వచ్చిందో అంతే, ఛార్జీలు పోను. 2016 మార్చి లోపు చేరి ప్రభుత్వం జమ చేసిన వాటా పొందినవాళ్లకు ఆ వాటా, దాని రాబడి కూడా చేతికి రావు.

ఇంకో పక్క కూడా చెప్పాలి. ఆ ఐదు వేలు పెరగదు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, ముప్ఫై ఏళ్ల తర్వాతి ఐదు వేలు ఇవాళ్టి 870 రూపాయలతో సమానం. నెలకు పాల బిల్లు మందం అన్నమాట. కాబట్టి చిన్న వయసులో ఉండి, నెలనెలా వేరేచోట దాచుకునే క్రమశిక్షణ నిజంగా ఉన్నవాళ్లు దీన్ని వదిలేస్తే నేను తప్పు పట్టను. "నిజంగా" అన్న మాట గమనించండి. నేనైతే పోస్టాఫీసు ఆర్డీ రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలో విరిచేశాను. నాలాంటివాళ్లకు విరవడం కష్టంగా ఉండే పథకమే మేలు.

డబ్బు ఇబ్బంది వల్ల ఆపుదామనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఉంది, చాలామందికి తెలియదు. పెన్షన్ మొత్తాన్ని ఏడాదికోసారి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ముప్ఫైలో చేరినవాళ్లకు ఐదు వేల పెన్షన్‌కు 577 అయితే రెండు వేలకు 231, వెయ్యికి 116. నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి కట్టేలా కూడా మార్పించుకోవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో చేతినిండా పని, ఆషాఢంలో ఈగలు తోలుకోవడం అనే టైలర్ అక్కకు ఆరు నెలల వాయిదా అతికినట్టు సరిపోయింది. వాయిదా తప్పితే వందకు నెలకు రూపాయి చొప్పున అదనం పడుతుంది. నెలనెలా ఆ తిప్పలు పడే కంటే ఇది నయం.

2022 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఇందులో కొత్తగా చేరకూడదు. ముందే చేరినవాళ్లు కొనసాగొచ్చు. కాబట్టి ఇప్పుడు వ్యాపారం పెరిగి టాక్స్ కడుతున్నవాళ్లు తప్పుకుంటే, నలభై లోపు వయసున్నా తిరిగి రావడానికి దారి లేదు.

## శ్రమయోగి మాన్‌ధన్: తొందరపడితే నష్టం

నెలకు పదిహేను వేల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఇది. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో చేరితే మనం వంద, ప్రభుత్వం వంద. సగం వేరేవాళ్లు కడుతుంటే వదులుకోవడం ఎందుకన్నది మొదటి మాట. తప్పుకుంటే ఆ సగం పోతుంది, వచ్చేది మన వాటా మాత్రమే.

దాని మీద వడ్డీ దగ్గర పదేళ్ల గీత ఉంది. పదేళ్లలోపు తప్పుకుంటే సేవింగ్స్ ఖాతా వడ్డీ. పదేళ్లు దాటాక, అరవై లోపు తప్పుకుంటే, ఫండులో నిజంగా వచ్చిన రాబడి, సేవింగ్స్ వడ్డీ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది. పథకం మొదలైందే 2019లో. అంటే మొట్టమొదట చేరినవాళ్లకు కూడా పదేళ్లు నిండేది 2029లో. ఆరేడేళ్లు కట్టినవాళ్లు ఇప్పుడు తెంచుకోవడం కంటే, నెలకు వంద కట్టగలిగితే, ఆ గీత దాటేదాకా ఆగడం లాభం.

దీన్ని అటల్ పెన్షన్‌తో పోల్చేటప్పుడు ఒక తేడా ఎవరూ చెప్పరు. ఇక్కడ మనం పోయాక భార్యకో భర్తకో సగం పెన్షన్ వస్తుంది, అంటే 1,500. ఆ తర్వాత పిల్లలకు ఏమీ మిగలదు, సొమ్ము తిరిగి ఫండుకే పోతుంది. పిల్లలకు కాస్త మిగల్చాలన్న ఆలోచన ఉన్నవాళ్లకు అటల్ మేలు. తక్కువ వాయిదాతో ముసలితనంలో మందుల ఖర్చుకైనా వస్తే చాలనుకునేవాళ్లకు ఇది మేలు. ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపున్న చిన్న వ్యాపారులకు ఇలాంటిదే ఇంకో మాన్‌ధన్ పథకం ఉంది.

## ఎవరి పాస్‌బుక్ చూసి ఏమన్నాను

ఆటో కుర్రాడికి పెళ్లి కాలేదు, తల్లిదండ్రులు వాడి మీదే ఆధారం. రెండు బీమాలూ ఉంచుకోమన్నాను. పెళ్లి కాలేదు కాబట్టి అక్కర్లేదనుకోవడం తప్పు. ఎవరూ ఆధారపడనివాళ్లయితే జీవన్ జ్యోతి ఆపేసుకోవచ్చు.

తెలంగాణ పల్లెలో రెండెకరాల పట్టా, రోడ్డు మీద కిరాణా కొట్టు ఉన్న మా బంధువు ఒకాయన, రైతుబీమా ఐదు లక్షలు ఉండగా ఇదెందుకన్నాడు. దాని ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, యాభై తొమ్మిదేళ్ల దాకా ఉంటుంది, నిజమే. కాకపోతే అది భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. పొలం అమ్మినా, కొడుకు పేరు మీదకు మార్చినా ఆయనకు పోతుంది. ఆయన ఆ ఏడాదే మార్చబోతున్నాడు. జీవన్ జ్యోతి ఉంచమన్నాను.

ఇంట్లో బ్యూటీ పార్లర్ నడిపే ఒకావిడకు సొంత టర్మ్ పాలసీ ఉంది, రిటర్నులు వేస్తుంది. ఆవిడను జీవన్ జ్యోతి ఆపేసుకోమన్నాను. నేను ఆపమని చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

## ఆపాలనుకుంటే

ఫోన్‌లో యూపీఐ ఆటోపే లిస్టులో వెతక్కండి, అక్కడ కనిపించదు. ఇది బ్యాంకు లోపల నడిచే కోత. ఖాతా ఉన్న బ్రాంచికి కాగితం రాసివ్వాలి. ఖాతా నంబరు, పథకం పేరు, "ఈ ఆటో డెబిట్‌కు నా అనుమతి వెనక్కి తీసుకుంటున్నాను, వచ్చే ఏడాదికి ప్రీమియం తీసుకోవద్దు" అన్న ముక్క, తేదీ, సంతకం. జిరాక్స్ కాపీ మీద ముద్ర వేయించుకోండి. మే ఇరవై అయ్యాక వెళ్తే అప్పటికే కోతల లిస్టు తయారై ఉండొచ్చు, ఏప్రిల్‌లోనే ఇచ్చేయండి. కోత పడిపోయాక ఆపితే మిగిలిన నెలల డబ్బు తిరిగి రాదు, బీమా మాత్రం మే 31 దాకా ఉంటుంది.

మీరు చేరలేదని గట్టిగా తెలిస్తే ఇంకోలా రాయాలి. "నేను సంతకం చేసిన ఫారం చూపించండి, లేదా కోసిన డబ్బు జమ చేయండి." నా రెండో ఖాతా విషయంలో ఇదే రాశాను. ఫారం చూపించలేకపోయారు, రెండు వారాలకు 436 తిరిగి పడింది. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఎలాగో తెలుసుకోవడానికి ఫోన్ నంబరు 14448.

అటల్ పెన్షన్‌కు బ్యాంకులోనే ఖాతా మూసివేత ఫారం ఉంటుంది. మాన్‌ధన్‌కు సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)కు వెళ్లాలి. ఖాతా ఖాళీగా ఉంచి దానంతట అదే పోతుందిలే అనుకోవద్దు. వెయ్యి పడగానే పాత వాయిదాలు అదనంతో సహా లాగేసుకున్న సంగతులు నా కొట్లోనే విన్నాను.

ఇస్త్రీ బండి బాబాయ్‌కి యాభై రెండు. ఆపించమనే వచ్చాడు. యాభై ఐదు దాకా కదిలించొద్దని చెప్పాను. ఈసారి మే ఇరవైకే ఖాతాలో ఐదొందలు వేసి, ఆ స్లిప్పు తెచ్చి నా కౌంటర్ మీద పెట్టాడు. ఎందుకైనా మంచిదని ఫారం కాపీ తెప్పించి చూస్తే, నామినీ దగ్గర ఇంకా వాళ్లమ్మ పేరే ఉంది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. సోమవారం పిన్ని ఆధార్ కార్డు పట్టుకుని బ్రాంచికి వెళ్లాలి.